మిగులు లెక్కల హనుమంతరావు గారు

తెలంగాణ వాదమనగానే మనకు పాటలూ ఊరేగింపులూ గుర్తుకు వస్తాయి. దాని వెనుక ఒక పద్దుల పుస్తకం కూడ ఉన్నది. ఆ పద్దులు విప్పి చూపినవారిలో ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారు ముఖ్యులు.

ఉమ్మడి పరిపాలన ఖర్చును దామాషాపై పంచుకోగా తెలంగాణ రాబడిలో మిగిలినది తెలంగాణకే చెందాలని 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం. ఎంత మిగిలిందన్నదే తగాదా. 1969లో, ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న ఏటనే, వారు ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఆ మిగులు నిధులను గూర్చి వ్యాసం వ్రాశారు. ఆవేశాన్ని అంకెలలోకి దింపడం ఎంత కష్టమో లెక్కల మాస్టర్లకు తెలుసు. నా వంటి తెలుగు పండితునికి ఆశ్చర్యమే మిగిలింది.

ఆ పైన ఏడవ, ఎనిమిదవ ఆర్థిక సంఘాలు, 1982 నుండి 1986 వరకు ప్రణాళికా సంఘం, 2004లో పద్మభూషణ్.

మా మొయినాబాద్, చేవెళ్ల వంటి వానాధారపు నేలలకు సంబంధించిన పని వేరొకటున్నది. 1994లో వారి అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసులపై, మరుసటి ఏప్రిల్ నుండి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల పరీవాహకం ఒక యూనిట్. పనుల నిర్వహణ గ్రామస్థుల కమిటీది.

ఢిల్లీ పదవులు చూసివచ్చినవారు చల్లబడతారని లోకోక్తి. వీరు 2010లో, ఎనభై దాటిన వయసులో, ప్రాంతీయ అసమానతలపైనా ప్రత్యేక రాష్ట్రంపైనా మళ్లీ పుస్తకం వెలువరించారు. నాలుగేళ్లకు రాష్ట్రం వచ్చింది.