వలంటీర్ల చేతుల్లో అపలాచియన్ ట్రైల్

అమెరికా తూర్పు కొండల మీదుగా, జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాలు దాటి పోయే కాలిబాట అపలాచియన్ ట్రైల్. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. తెలుగునాట అడవి దారంటే అటవీశాఖ వ్యవహారం. ప్రతి పనికీ కాంట్రాక్టరు ఉండే అమెరికాలో ఈ బాటను మాత్రం జీతం పుచ్చుకోని వలంటీర్లు చూసుకుంటారు.

అటవీ నిపుణుడు బెంటన్ మకై 1921లో ఆర్కిటెక్టుల పత్రికలో ఈ ఆలోచన బయటపెట్టాడు. పట్నాల్లో నలిగిపోయేవాళ్లకు కొండల్లో ఊపిరాడే చోటు ఉండాలన్నది అతని తాపత్రయం. 1925లో వాషింగ్టన్‌లో ఈ బాట కోసం ఒక సంఘం ఏర్పడింది కానీ, కొన్నేళ్లపాటు మాటలు ఎక్కువ, బాట తక్కువ. పనిని పరుగులు పెట్టించినవాడు మైరన్ ఏవరీ అనే లాయరు. దూరం కొలిచే చక్రాన్ని తోసుకుంటూ బాటంతా నడిచాడు, ఊరూరా క్లబ్బులను కూడగట్టాడు. బాట సాగే కొండల నెత్తిన కారు రోడ్డు వేయడాన్ని మకై సహించలేదు. ఏవరీకి బాట పూర్తవడమే ముఖ్యం. ఆ తగవుతో ఇద్దరికీ చెడింది. జనం మకైనే తలుచుకుంటారు గానీ, బాట నేల మీదికి వచ్చింది ఏవరీ మొండితనం వల్లే.

అంతా వలంటీర్లే చేశారనడం మాత్రం అతిశయోక్తి. మహామాంద్యం రోజుల్లో ప్రభుత్వం నిరుద్యోగ యువకులకు కూలి ఇచ్చి పని చేయించింది. 1937 ఆగస్టు 14న మెయిన్‌లో చివరి ముక్కను తెరిచింది ఆ కుర్రాళ్లే.

అప్పట్లో బాట చాలాచోట్ల ప్రైవేటు భూముల్లో, యజమాని నోటిమాట మీద సాగేది. భూమి చేతులు మారితే నడిచేవాళ్లు తారురోడ్డెక్కాల్సిందే. 1968 చట్టం దాన్ని జాతీయ బాటగా గుర్తించింది. తర్వాత ప్రభుత్వం భూములు కొంటూ వచ్చింది. అయినా 1984లో నిర్వహణ బాధ్యతను తిరిగి 1925 నాటి ఆ సంఘానికే అప్పగించింది. ఇప్పుడు 30 దాకా క్లబ్బులు బాటను పంచుకుని, ఒక్కో ముక్కను ఒక్కో వలంటీరుకు కేటాయిస్తాయి.

వాళ్ల అసలు పోరు నీటితో. వాన నీరు బాట వెంట పారిందంటే కొన్నేళ్లలో అది వాగైపోతుంది. అందుకే బాటను లోయ వైపు కాస్త వాలుగా చెక్కుతారు. నిటారు చోట్ల రాళ్లో దుంగో ఏటవాలుగా పాతి నీటిని పక్కకు మళ్లిస్తారు. అలా నీరు మళ్లే కాలువలో ఆకులు పేరుకుంటే శ్రమంతా వృథా కాబట్టి, వలంటీరు వెళ్లినప్పుడల్లా ముందు చేసేది ఆకులు తోడడమే. ఒకవైపు గొడ్డలి, మరోవైపు తవ్వే అలుగు ఉన్న పులాస్కీ వాళ్ల ముఖ్య పనిముట్టు. చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తున తెల్ల గుర్తులు వేసేదీ వాళ్లే. 1964 చట్టం కింద రక్షణ పొందిన అడవుల్లో మోటారు రంపాలు మామూలుగా నిషిద్ధం. పడిన చెట్టును ఇద్దరు చెరోవైపూ పట్టి లాగే రంపంతో కోయాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగంలో లెక్కలేనన్ని చెట్లను బాటకు అడ్డంగా కూల్చినప్పుడు వాటిని తొలగించడానికి క్లబ్బుల వాళ్లు కదిలారు.

కొత్తగా చేరేవారిని అనుభవం అడగరు. పని అక్కడికక్కడే నేర్పుతారు. రంపం పట్టాలంటే మాత్రం శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.