ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో డీజిల్ ఇంజన్: 50 హార్స్‌పవర్ మిగిల్చిన ఆస్తి

పాత పెట్రోల్ జీపుకి డీజిల్ ఇంజన్ వేయించడం మన ఊళ్ళల్లో చూసే ఉంటారు. యూరప్‌లో, అమెరికాలో పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకీ అదే పని చేస్తారు. అయితే ఏ వ్యాన్‌లో డీజిల్ సులువుగా కూర్చుంటుంది, ఏ వ్యాన్‌లో తిప్పలు పెడుతుంది? జవాబు ఆ వ్యాన్ చరిత్రలోనే ఉంది. ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

1947లో బెన్ పాన్ అనే డచ్ వ్యాపారి నోట్‌బుక్‌లో గీసిన బొమ్మతో ఈ వ్యాన్ కథ మొదలైంది. 1950లో తయారీకి వచ్చింది. ఇంజన్ బీటిల్ కారుదే: 1131 సీసీ, 25 హార్స్‌పవర్ పెట్రోల్. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. ఫ్యాన్ గాలే చల్లబరచాలి. సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉంటాయి కాబట్టి ఇంజన్ పొట్టిగా వెనక భాగంలో ఇమిడిపోయింది.

మరి డీజిల్ ఆలోచన అప్పుడు రాలేదా? వచ్చింది. 1950ల మొదట్లో పోర్షే వాళ్ళు గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్ ఒకటి చేసి బీటిల్‌లో పెట్టి చూశారు. చప్పుడు ఎక్కువ, పరుగు తక్కువ. ఫోక్స్‌వ్యాగన్ అధిపతి హైంజ్ నోర్డాఫ్ వద్దన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వ్యాన్‌కి డీజిల్ ఊసే లేదు.

1976లో గోల్ఫ్ కారుకి డీజిల్ వచ్చింది. 1979లో ఇరాన్ విప్లవంతో ఆయిల్ ధరలు మండిపోయాయి. సరిగ్గా ఆ ఏడే టీ3 అనే మూడో తరం వ్యాన్ విడుదలైంది. 1981లో దానికి గోల్ఫ్ కుటుంబపు 1.6 లీటర్ల డీజిల్ పెట్టారు. కానీ గోల్ఫ్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, ఎత్తు ఎక్కువ. అందుకని దాన్ని 50 డిగ్రీలు పక్కకి వాల్చారు. ఆ వాలుకి తగ్గట్టు వేరే ఆయిల్ చాంబర్, వేరే మౌంటింగులు, వేరే బెల్ హౌసింగ్ చేశారు. రేడియేటర్ ముందు పెట్టి, పైపులు వెనక దాకా లాగారు.

ఫలితం? 50 హార్స్‌పవర్. ఒకటిన్నర టన్నుల బండికి అదేం సరిపోతుందండీ! ఘాట్ రోడ్డు ఎక్కితే వెనక లారీలు హారన్ కొట్టేవే. 1981లోనే బ్రెజిల్‌లో పాత మోడల్ కాంబీకి కూడా 1.6 డీజిల్ వేశారు. అక్కడ ఇంజన్ వేడెక్కిపోయే తిప్పలు వచ్చాయి, కొన్నేళ్ళకే ఆపేశారు. టీ3కి మాత్రం 1980ల మధ్యలో టర్బో వచ్చి బలం 70 హార్స్‌పవర్‌కి పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. నలుగురూ నవ్విన ఆ 50 హార్స్‌పవర్ డీజిలే ఇవాళ ఇంజన్ మార్చేవాళ్ళకి దారి వేసింది. గోల్ఫ్‌లో తర్వాత వచ్చిన 1.9 టర్బో డీజిల్ అదే కుటుంబంలోది. టీ3 డీజిల్ చాంబర్, మౌంటింగులు, బెల్ హౌసింగ్ దొరికితే అది ఆ చోట్లోనే కూర్చుంటుంది. అందుకే స్క్రాప్‌లో ఆ సామాన్లకి అంత గిరాకీ. టీడీఐ అయితే బలం ఇంకా ఎక్కువ, కానీ దాని కంప్యూటర్, వైరింగ్ కూడా ఎక్కించాలి.

అదే 1950, 60ల వ్యాన్ అయితే రేడియేటర్ దగ్గర్నుంచి అన్నీ కొత్తగా కల్పించాలి. వెనక బరువూ పెరుగుతుంది. అందుకే చాలామంది గాలి ఇంజన్నే బాగుచేయించుకుంటారు.

ఒక్క జాగ్రత్త. పాత డీజిల్ గేర్‌బాక్స్ బలం లేని ఇంజన్ కోసం చేసింది. కొత్త ఇంజన్ పెట్టి దాన్నే ఉంచితే హైవే మీద ఇంజన్ ఊరికే అరుస్తుంది. టాప్ గేర్ మార్చుకోవాలి. టైమింగ్ బెల్ట్ కూడా ముందే మార్చాలి, తెగితే వాల్వులు పోతాయి.

ఇంజన్ కొనేముందు వ్యాన్ పుట్టిన ఏడు చూసుకోండి. సగం ఖర్చు అక్కడే తేలిపోతుంది.