తుపాకిమందు – గొట్టము పొడవు

కల్వకుర్తి చుట్టుపట్ల బావి త్రవ్వించిన రైతును అడిగి చూడండి. కొంత లోతు మట్టి తీయగానే రాయి తగులుతుంది. దానికి రంధ్రము వేసి, మందు కూరి, వత్తి అంటించి పగులగొట్టవలసినదే. అక్కడ మందు ఎంత త్వరగా మండితే రాయి అంత బాగా చీలుతుంది. ఇదే సూత్రమును తుపాకికి వర్తింపజేస్తే గొట్టమే పగిలిపోతుంది. తుపాకికి కావలసినది బద్దలు కొట్టే మందు కాదు. గుండును వెనుకనుండి నెట్టుకొనిపోయే మందు. అది ఎంత వేగముగా మండాలి, ఎంతసేపు నెట్టాలి అన్న ప్రశ్నలకు గొట్టము పొడవుతో దగ్గర సంబంధమున్నది. ఈ సంబంధమును తెలుసుకొన్న చరిత్ర ఆసక్తికరమైనది.

పూర్వపు తుపాకిమందు సూరేకారము, గంధకము, బొగ్గు కలిసిన మిశ్రమము. బొగ్గు కొరకు మన దేశములో కందికట్టెను కూడా కాల్చేవారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మ్రోగిన ఫిరంగులలోను, 18వ శతాబ్దము చివర హైదరాబాదులో రేమాండ్ దొర పోత పోయించిన ఫిరంగులలోను మండినది ఈ నల్లమందే. ఫిరంగికి ముతక గింజ, చేతి తుపాకికి సన్న గింజ వాడాలని గోలందాజులకు అనుభవము నేర్పినది. కారణము మాత్రము వారికి తెలియదు.

కారణమును లెక్కలతో వెదికినవాడు ఇంగ్లండు దేశపు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఒక చక్కని పరికరమును వర్ణించినాడు. వ్రేలాడదీసిన బరువైన లోలకమును గుండుతో కొట్టి, అది ఎంత ఊగినదో కొలిచి, దానినుండి గుండు వేగమును లెక్కకట్టవచ్చును. వేర్వేరు పొడవుల గొట్టాలతో ప్రయోగాలు చేసి, గొట్టము పొడవు పెరిగితే వేగమెంత పెరుగుతుందో ఆయన గణించినాడు. అయితే గుండు కదలకముందే మందు అంతా మండిపోతుందని భావించినాడు. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయించే పనిమీద మన కోరమండల్ తీరమునకు వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించినాడు.

ఆయన భావనలోని లోపమును తరువాతివారు సవరించినారు. మందు గింజ ఒక్కసారిగా మండదు. పైపొర మొదలుకొని పొర తరువాత పొరగా మండుతుందని 1839లో ఫ్రెంచి సైనికాధికారి పియోబేర్ చెప్పినాడు. మన వంటింటి పొయ్యిలో చూడండి. ఒకే బరువుగల కందికట్టెలు గుప్పున మండి ఆరిపోతాయి. తుమ్మమొద్దు నెమ్మదిగా చాలసేపు కాలుతుంది. ఉపరితలము ఎక్కువైతే మంట వేగము ఎక్కువ. అమెరికాలో రాడ్‌మన్ 1860 ప్రాంతములో పెద్ద ఫిరంగులకు రంధ్రాలుగల లావుపాటి మందు బిళ్ళలు చేయించినాడు. మండినకొద్దీ రంధ్రము పెద్దదవుతుంది. లోపలి ఉపరితలము పెరుగుతుంది. అందువలన గుండు ముందుకు జరిగినా ఒత్తిడి తొందరగా పడిపోదు.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగరాని మందును తయారుచేసినాడు. 1889లో ఇంగ్లండులో కార్డైట్ వచ్చినది. దక్షిణ భారతములో నీలగిరి కొండలలోని అరవంకాడులో 20వ శతాబ్దము తొలి సంవత్సరాలలోనే కార్డైట్ కర్మాగారము వెలసినది. గింజ ఆకారమును, పరిమాణమును మార్చి మంట వేగమును కోరినట్లు దిద్దుకొనే వీలు ఇప్పుడు కలిగినది.

ఇక పొట్టి తుపాకి సంగతి. గుర్రపు రౌతుకు, అడవిలో నడిచే సైనికునికి పొడవైన గొట్టము అడ్డము. రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిష్‌వారు సుమారు 25 అంగుళాల గొట్టముగల రైఫిలును 19 అంగుళాలకు లోపుగా కుదించి 1944లో 'జంగిల్ కార్బైన్' చేసినారు. తూటా మాత్రము పాతదే. గుండు గొట్టములో ఉండేది సెకనులో వేయవ వంతు, లేదా అంతకు కొంచెము ఎక్కువ. అందులో కొంత భాగము తగ్గినది. ఇంకా బలము మిగిలి ఉన్న వాయువు గొట్టము చివర బయటపడి కళ్ళు మిరుమిట్లు గొలిపే మంటగా, చెవులు చిల్లులు పడే మ్రోతగా వృథా అయినది. మంటను కప్పడానికి గొట్టము కొనకు గరాటువంటి తొడుగు పెట్టవలసి వచ్చినది.

మరి పొట్టి గొట్టమునకు వేగముగా మండే మందు వేస్తే సరిపోదా? చాలమంది అట్లే అనుకొంటారు. కాని వేగపు మందు ఒత్తిడిని ఒక్కసారి శిఖరానికి ఎక్కిస్తుంది. గొట్టము తట్టుకొనే హద్దు దాటకుండా ఉండాలంటే ఆ మందును తక్కువగా వేయాలి. అప్పుడు పుట్టే వాయువూ తగ్గుతుంది. అందుచేత పెద్ద తూటాలో నిదానపు మందే, కొంత వృథా అయినా, పొట్టి గొట్టములో కూడా తరచు ఎక్కువ వేగమునిస్తుంది. వేగపు మందుతో తగ్గేది ముఖ్యముగా మంట, మ్రోత. అసలు పరిష్కారము తూటానే చిన్నది చేయడము. 1941లో అమెరికా స్వీకరించిన ఎం-1 కార్బైన్‌లో 18 అంగుళాల గొట్టమునకు తగినట్లు తేలిక గుండును, చిన్న తూటాను, దానికి సరిపడే మందును ఒకేసారి రూపొందించినారు.

ఈ పొందిక చెడితే ప్రాణాలే పోతాయి. 1964లో అమెరికన్ సైన్యము ఎం-16 రైఫిలు తూటాలకు వేరొక మందు అనుమతించినది. ఆ మందు చెడ్డది కాదు. ఆ రైఫిలు దానికొరకు చేసినది కాదు. కాల్పుల వేగము హద్దు మీరినది, మసి పేరుకొన్నది. ఇతర లోపాలు కూడా తోడై వియత్నాములో రైఫిళ్ళు యుద్ధము మధ్యలో మొరాయించినవి, సైనికులు మరణించినారు. 1967లో అమెరికన్ కాంగ్రెసు ఉపసంఘము దీనిని విచారించి తీవ్రముగా విమర్శించినది.

ఉపాధ్యాయులు ఈ విషయమును నల్లబల్లమీద ఒక్క రేఖాపటముతో చెప్పవచ్చును. అడ్డముగా గుండు జరిగిన దూరము, నిలువుగా వాయువు ఒత్తిడి గుర్తించండి. ఆ రేఖ క్రింది వైశాల్యమును గొట్టము అడ్డుకోత వైశాల్యముతో గుణిస్తే గుండుపై వాయువు చేసిన పని వస్తుంది. గొట్టమును కోయడమంటే ఆ పటమును కుడిప్రక్కన కోయడమే. విద్యార్థులు మాత్రము మందు జోలికి పోరాదు. 1959 ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడము నేరము. పైగా లెక్కలో తప్పితే మార్కులే పోతాయి. మందులో తప్పితే చేతులు పోతాయి.