జాడీలో పిడుగు

ఆవకాయ జాడీకి మన ఇళ్ళలో ఉన్నన్ని కట్టుబాట్లు ఏ మహారాజుగారికీ ఉండి ఉండవు. తడిచేత్తో ముట్టకూడదు. ఎంగిలి గరిటె పెట్టకూడదు. వాసెన విప్పినవాళ్ళే మళ్ళీ కట్టి కదలాలి. "ఎందుకండీ?" అని కొత్తకోడలు అడిగితే అత్తగారు కారణం చెప్పకపోవచ్చుగాని, కారణం మాత్రం ఉంది. ఎప్పుడో ఒక ఏడాది ఎవరిదో ఒక జాడీ బూజు పట్టి ఉంటుంది. ఆ నష్టంలోంచే ఆ నియమం పుట్టింది.

సైన్సు చరిత్రలో కూడా ఇలాంటి జాడీ ఒకటుంది. దాన్లో ఊరగాయ లేదు, పిడుగు ఉంది! ఈనాడు పెద్ద పెద్ద లేబరేటరీల్లో కరెంటును కొద్దికొద్దిగా పోగుచేసి, ఒక్క దెబ్బగా వదిలిపెట్టే పల్స్ జనరేటర్లు ఉంటాయి. ఆ గదుల గోడలకి అంటించిన జాగ్రత్తల పట్టికలో ఎన్నో అంశాలకి మూలం ఈ జాడీ కథలోనే కనిపిస్తుంది.

పద్ధెనిమిదో శతాబ్దం నడిమికాలానికి యూరప్‌లో విద్యుత్తు ఒక వినోదం. గాజుగోళాన్ని గిరగిరా తిప్పుతూ చేత్తో రుద్దితే విద్యుత్తు పుడుతుంది. దానితో విందుల్లో వింతలు చేసేవారు. జర్మనీలో బోస్ అనే ప్రొఫెసరుగారు ఒక అందగత్తెను లక్కదిమ్మ మీద నిలబెట్టి ఆమెకు విద్యుత్తు పట్టించేవాడట. ముద్దు పెట్టుకోవడానికి వెళ్ళిన పెద్దమనిషికి పెదవుల మీద చురుక్కున నిప్పురవ్వ తగిలేది. అందరూ పకపకా నవ్వుకునేవారు. అది చిన్న చురకే గనుక నవ్వు చెల్లింది.

ఆ నవ్వులకి కళ్ళెం వేసింది 1745. ఆ అక్టోబరులో పొమెరేనియా ప్రాంతపు కమ్మిన్ పట్నంలో ఫాన్ క్లైస్ట్ అనే మతగురువు ఒక మందుసీసాలో మేకు దించి, సీసాను చేత్తో పట్టుకుని దానికి విద్యుత్తు పట్టించాడు. రెండోచేత్తో మేకును తాకగానే భుజందాకా అదిరిపోయింది. ఆయన పలువురికి ఉత్తరాలు రాశాడుగాని, ఆ వివరాలు చాలక చాలామందికి ప్రయోగం పారలేదు.

కొద్ది నెలలకే హాలెండులోని లైడెన్ నగరంలో ఇదే మళ్ళీ జరిగింది. అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసరు ముషెన్‌బ్రూక్ నీళ్ళల్లో విద్యుత్తు నిలవ చెయ్యాలని చూస్తున్నాడు. విద్యుత్తు పట్టించే వస్తువును గాజు, లక్క లాంటి వాటి మీదే పెట్టాలని, చేత్తో పట్టుకుంటే ఉన్నది కాస్తా జారిపోతుందని ఆ రోజుల్లో పండితుల మాట. కునేయస్ అనే లాయరుగారు సరదాకొద్దీ ఆ లేబరేటరీకి వచ్చిపోతుండేవాడు. ఆయనకి ఈ శాస్త్రం తెలియదు. నీళ్ళసీసాను హాయిగా చేత్తోనే పట్టుకున్నాడు. రెండోచెయ్యి తీగకి తగిలిందో లేదో, జన్మలో ఎరగని దెబ్బ కొట్టింది. పండితులకు చిక్కనిది, పాపం, తెలియని మనిషికి చిక్కింది.

ముషెన్‌బ్రూక్ తానుకూడా చేసి చూశాడు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడట. 1746 జనవరిలో పారిస్‌లోని రేయోమూర్ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాస్తూ, ఫ్రాన్సు రాజ్యం మొత్తం రాసిచ్చినా మరోసారి ఆ దెబ్బ తిననని చెప్పుకున్నాడు. ఆ సీసాకే లైడెన్ జాడీ అని పేరు స్థిరపడింది.

ఇందులో మర్మం ఏమిటంటే, గాజుకి లోపల నీళ్ళు, బయట మన అరచెయ్యి. లోపల ఒక రకం విద్యుత్తు చేరితే, బయటినుంచి దానికి వ్యతిరేకమైనది వచ్చి ఎదురుగా నిలబడుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ, మధ్యన గాజు అడ్డంగా ఉన్నందువల్ల కలవలేక, అక్కడే పోగవుతాయి. రెండోచేత్తో తీగ ముట్టుకున్నామంటే, ఆ రెండూ కలవడానికి మన ఒళ్ళే దారి. ఈ చేతినుంచి ఆ చేతికి, సరిగ్గా గుండె మీదుగా! నిండడానికి నిమిషాలు పట్టినది ఖాళీ కావడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. రాత్రంతా చుక్కచుక్కగా నిండిన గంగాళాన్ని ఒక్కసారిగా నెత్తిన కుమ్మరించినట్టన్నమాట. పల్స్ అంటే ఇదే.

"రెండు చేతులూ పెట్టకండి, ఒకచెయ్యి జేబులోనో వెనకనో ఉంచుకోండి" అని నేటికీ లేబరేటరీల్లో చెబుతారు. కాలికింద రబ్బరు పట్టా, చేతులకి గాజులూ ఉంగరాలూ లేకుండా చూసుకోవడం దాని వెంట వచ్చే జాగ్రత్తలు.

దెబ్బ సంగతి తెలిశాక జనం దూరంగా ఉన్నారా అంటే, లేదు. లైప్‌జిగ్‌లో వింక్లర్ అనే పండితుడికి ఒళ్ళంతా వణుకు పుట్టి, జ్వరం తగులుతుందని భయపడి చలవమందులు తాగాడు. ఆయన భార్య అంతకంటే ధైర్యవంతురాలు. రెండుసార్లు షాకు తిని నడవలేనంత నీరసపడింది. కొన్నాళ్ళకు తేరుకుని మూడోసారి తింటే ముక్కువెంట రక్తం వచ్చింది. ఫ్రాన్సులో నోలే అనే మతగురువు పదిహేనో లూయీ రాజుగారి ముందు 180 మంది సైనికులను చేతులు కలిపి నిలబెట్టి, జాడీని వదిలాడు. అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు. రాజుగారు ముచ్చటపడ్డారు.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ మరీ చిత్రం. జాడీ లోపలా బయటా ఉన్న విద్యుత్తును ధనం, రుణం అని లెక్కకట్టి విప్పి చెప్పినవాడాయన. అంతటివాడికే 1750 డిసెంబరులో చేదు అనుభవం ఎదురైంది. నలభై మామూలు సీసాలకు సమానమైన రెండు పెద్ద జాడీలు నింపి, వాటితో ఒక సీమకోడిని చంపబోయాడు. చుట్టూ చేరిన స్నేహితులతో కబుర్లలో పడి, ఒకచేత్తో గొలుసు పట్టుకుని, రెండోచెయ్యి తీగలకు తగిలించాడు. పిస్తోలు పేలినట్టు చప్పుడైందని చూసినవాళ్ళు చెప్పారు. ఆయనకు ఆ చప్పుడూ వినబడలేదు, మెరుపూ కనబడలేదు. మర్నాటి పొద్దుటిదాకా చేతులూ మెడా తిమ్మిరెక్కి ఉన్నాయి. కోడి మటుకు బతికిపోయింది! బోస్టన్‌కు రాసిన ఉత్తరంలో, తోటి ప్రయోగకారుణ్ణి హెచ్చరించడానికి తప్ప ఈ సంగతి ఎక్కువమందికి చెప్పవద్దని కోరాడు. ప్రయోగం దగ్గర కబుర్లు వద్దని ఎవరైనా కసిరితే కోపం తెచ్చుకోకూడదు మరి.

అందరూ ఫ్రాంక్లిన్‌లా బతికి బయటపడలేదు. రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో రిఖ్‌మన్, లొమొనోసొవ్ అనే ఇద్దరు స్నేహితులు ఇళ్ళమీద ఇనపకడ్డీలు పెట్టి మబ్బుల్లోని విద్యుత్తును కొలుస్తుండేవారు. కొలవడానికి వీలుగా ఆ కడ్డీలను భూమికి కలపలేదు. అంటే ఎర్తింగ్ లేదన్నమాట. 1753 ఆగస్టు 6న ఉరుములు మొదలయ్యాయి. ఎవరి ఇంట్లో వారు కడ్డీ దగ్గర నిలబడ్డారు. లొమొనోసొవ్ కడ్డీ దగ్గర చెయ్యి పెట్టి ఉండగా పెద్ద ఉరుము ఉరిమింది. భార్య వచ్చేయమని బతిమాలింది. ఆయన కదల్లేదు. చివరికి చారు చల్లారిపోతోందని ఇంట్లోవాళ్ళు కేకేస్తే, రవ్వలు కూడా తగ్గాయి గనుక లేచి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. నాలుగు మెతుకులు తిన్నాడో లేదో, రిఖ్‌మన్‌గారి నౌకరు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

రిఖ్‌మన్ కడ్డీకి దగ్గరగా వంగి చూస్తుండగా నుదుటి మీద దెబ్బ తగిలింది. నుదుట ఎర్రని మచ్చ, చిరిగిపోయిన బూటు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని ఏవో ప్రయత్నాలు చేశారుగాని ప్రాణం తిరిగి రాలేదు. ఆ రోజే లొమొనోసొవ్ షువాలొవ్ అనే ప్రభువుకు ఉత్తరం రాశాడు. ఈ చావును సాకుగా పెట్టుకుని ఎవరూ శాస్త్రాన్ని తిట్టకుండా చూడమన్నాడు. ఆ ఇల్లాలికి బతికున్నంతకాలం పింఛను ఇప్పించమనీ, పసివాణ్ణి పెంచుకోనివ్వమనీ ప్రాధేయపడ్డాడు. శాస్త్రవేత్త పేరు పుస్తకాల్లో మిగులుతుంది. ఆ ఇంట్లో మిగిలేది మాత్రం భార్యాబిడ్డలే కదా.

తరవాతి కాలంలో ఆ జాడీయే కండెన్సరు అయింది, కెపాసిటర్ అయింది. 1924లో జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ (ఆ మార్క్స్ కాదు లెండి) ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉట్టికొట్టే పిల్లలు ముందు నేలమీద పక్కపక్కనే నిలబడి, తరవాత ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కుతారు చూడండి, అలాగే. కెపాసిటర్లను పక్కపక్కన ఉంచి నింపుతారు. ఆ తరవాత మధ్యలో నిప్పురవ్వలు దూకేటట్టు చేసి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు వదులుతారు. లక్ష వోల్టులవి పది ఉంటే దాదాపు పది లక్షల వోల్టులు! సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, ఒక ముక్కకి కాస్త ఎక్కువ కాలంలో ఆ దెబ్బ శిఖరానికెక్కి, యాభై ముక్కల్లో సగానికి దిగిపోతుంది. పిడుగుపాటుకి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకుంటాయో లేదో ఇటువంటి నకిలీ పిడుగుతోనే పరీక్షిస్తారు.

ఆ యంత్రం చుట్టూ కంచె ఉంటుంది. తలుపు తెరిస్తే కరెంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ, ఎర్రదీపమూ ఉంటాయి. ఒంటరిగా పనిచెయ్యకూడదు. స్విచ్చి కట్టినంతమాత్రాన లోపలికి పోకూడదు. పొడుగాటి కర్ర చివర లోహపు కొక్కెం కట్టి, దాని తీగను ముందుగా ఎర్తుకు బిగించి, ఆ కొక్కేన్ని కెపాసిటర్లకు తగిలించాలి. ఒక్కసారి చాలదు. జాడీని ఒకసారి ఖాళీ చేసినా కాసేపటికి గాజులో దాగిన విద్యుత్తు మళ్ళీ కొంత పైకి వస్తుంది. అందుకని కొక్కేన్ని మళ్ళీ తగిలించి, పని ముగిసేదాకా అలాగే ఉంచాలి.

ఇది లేబరేటరీవాళ్ళ గొడవ, మనకెందుకనుకోకండి. వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్‌లో ఇటువంటి కెపాసిటర్ ఉంది. ప్లగ్గు పీకేసినా అందులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. "ప్లగ్గు తీసేశాంగా" అని పిల్లలుగాని, వారిగారుగాని స్క్రూడ్రైవరు పుచ్చుకుని బయల్దేరితే, ఆపండి. తెలిసిన మెకానిక్‌ని పిలిపించండి.

చంపగలిగిన ఈ దెబ్బే బతికించనూగలదు. 1775లోనే డెన్మార్కులో అబిల్గార్డ్ అనే ఆయన జాడీదెబ్బకి పడిపోయిన కోళ్ళను, రొమ్ముకి మళ్ళీ షాకిచ్చి లేపాడు. 1947లో అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ ఆపరేషన్ బల్లమీద గుండె లయతప్పిన పద్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి విద్యుత్తు షాకుతో బతికించాడు. ఇవాళ ఆస్పత్రుల్లో గుండెకు షాకిచ్చే యంత్రంలోనూ కెపాసిటరే ఉంటుంది. మీట నొక్కేముందు డాక్టరుగారు చుట్టూ కలయజూసి, "ఎవరూ ముట్టుకోకండి" అని గట్టిగా చెబుతారు. మంచంమీది మనిషి బతకాలి, చుట్టూ ఉన్నవాళ్ళూ క్షేమంగా ఇంటికి వెళ్ళాలి.