నాగావ్ సాంచాల చరిత్ర: న్యాయ గ్రంథాలయంలోని ఆధారాలు

ముంబయి, ఠాణే, షోలాపూరు ప్రాంతాల తెలుగు విద్యార్థులు పరిశోధన విషయం వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చినప్పుడు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: “మావాళ్ళ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది సార్?” అడిగేవాళ్ళలో చాలామంది నేతపనివారి పిల్లలు. వారి తాతలు కరీంనగరు, నల్గొండ, వరంగల్లు జిల్లాల నుంచి వలస వచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. కులసంఘాల వార్షికోత్సవ సంచికలు తిరగేస్తే దాతల ఫోటోలు, మార్కండేయుడి కథ దొరుకుతాయి గాని, సాంచా దగ్గర పన్నెండు గంటలు నిలబడినవాడి సంగతి దొరకదు. మేము వారిని న్యాయ గ్రంథాలయానికి పంపుతాం. “లా చదివేవాళ్ళు పోయే చోటు కదా” అని మొదట వెనకాడతారు. వెనకాడవలసిన పని లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

నాగావ్ భివండీ పట్టణంలోని మరమగ్గాల పేటల్లో ఒకటి. మరమగ్గాన్ని సిరిసిల్లలోను, భివండీలోను మనవాళ్ళు సాంచా అంటారు. భివండీలో సాంచాల పని స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలై, సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికుల బ్రతుకులు తలకిందులయ్యాక, మిల్లుల్లో నేయవలసిన బట్ట ఇంకా ఎక్కువగా ఈ రేకుల షెడ్లకు మళ్ళింది. పద్మనగర్ వంటి తెలుగు పేటలు ఈ వలసల ఫలితమే. బొంబాయి మిల్లుకూ భివండీ షెడ్డుకూ మధ్య దూరం ముప్పై, నలభై కిలోమీటర్లే. చట్టం దృష్టిలో మాత్రం ఆ రెండూ వేరువేరు లోకాలు. ఎందుకు వేరయ్యాయన్న ప్రశ్నకు జవాబు ఒక అంకెలో ఉంది. ఆ అంకె చరిత్ర న్యాయ గ్రంథాలయంలో ఒకే బీరువాలో దొరుకుతుంది.

1881 నాటి మొదటి కర్మాగారాల చట్టం, యంత్రశక్తితో నడుస్తూ నూరుమందికి తక్కువ కాకుండా పనిచేసే చోటునే కర్మాగారం అన్నది. 1891లో ఆ నూరు యాభై అయింది. 1922లో ఇరవైకి దిగింది. 1948 చట్టం దానిని పదికి దించింది. 2 (ఎం) సెక్షను ప్రకారం, యంత్రశక్తి ఉంటే పదిమంది, లేకపోతే ఇరవైమంది పనిచేసే చోటు కర్మాగారం. ఈ అంకె దాటితేనే పనిగంటల పరిమితి, వారపు సెలవు, జీతంతో కూడిన సెలవులు, గాలి వెలుతురు, యంత్రాలకు కంచె వంటివి యజమానికి బాధ్యతలవుతాయి. అరవై ఏళ్ళకు పైగా ఈ అంకె ఒకే దిక్కుకు నడిచింది.

ఇక షెడ్డులోకి రండి. ఒక మనిషి నాలుగు నుంచి ఆరు సాంచాలు చూస్తాడు. పగలు ఒకడు, రాత్రి ఒకడు, పన్నెండేసి గంటల రెండు పాళీలు. ఇరవైనాలుగు సాంచాల షెడ్డులో ఒక పాళీకి నలుగురైదుగురు నేసేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, పైపనివాళ్ళు ఉంటారు. లెక్క పది అంచునే తిరుగుతుంటుంది. అది దాటేట్టుంటే మధ్యలో గోడ కట్టి, రెండో సగాన్ని తమ్ముడి పేరనో భార్య పేరనో చూపడం ఈ పరిశ్రమలో పాతబడిన ఉపాయం. చట్టం రాసినవాళ్ళు ఇది ఎరుగనివాళ్ళు కారు. 4వ సెక్షను, రెండు మూడు కర్మాగారాలను ఒకటిగా పరిగణించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 85వ సెక్షను, పదిమంది లేని చోటును సైతం చట్టం కిందికి తెచ్చే వీలు కల్పించింది. 1976 సవరణ 2 (ఎం) కింద ఒక వివరణ చేర్చింది: ఒక రోజులో వేరువేరు పాళీల్లో పనిచేసేవారినందరినీ కలిపి లెక్కించాలి. అంటే పగలు ఆరుగురు, రాత్రి ఆరుగురు ఉన్న షెడ్డులో పనివారు పన్నెండుగురు.

ఇక్కడే అచ్చు పుస్తకం విలువ తెలుస్తుంది. 1960ల నాటి చట్ట ప్రతిలో ఈ వివరణ ఉండదు. ఇవాళ కంప్యూటరులో కనిపించే పాఠంలో ఉంటుంది, కాని అది ఎన్నడు చేరిందో తెలియాలంటే పుట అడుగున సన్నని అక్షరాల్లో ఉన్న సూచిక చదవాలి. మన విద్యార్థులు అది చదవరు. 1968లో వలస వచ్చిన తాత గురించి రాస్తూ 1976 తర్వాతి చట్టాన్ని ఆయనకు అంటగడతారు. అందుచేత పాత ముద్రణలు పారెయ్యని గ్రంథాలయాలు చరిత్రకారుడికి కావాలి. న్యాయవాదికి పనికిరాని పుస్తకమే మనకు పనికొచ్చేది. రాష్ట్రాల సవరణలు ఇంకొక చిక్కు. రాజస్థాన్ 2014లోనే తన పరిధిలో ఈ అంకెను పెంచుకున్నది. కేంద్ర చట్టం పాఠం ఒక్కటే చూసి ఏ రాష్ట్రం గురించీ తీర్మానించరాదు. మహారాష్ట్ర సవరణలను మహారాష్ట్ర గెజెట్టులో విడిగా చూడాలి.

చట్టం తర్వాత తీర్పులు. 1875 చట్టం ఆధారంగా 1876 నుంచి ఇండియన్ లా రిపోర్ట్స్ సంపుటాలు వెలువడ్డాయి. 1899లో బాంబే లా రిపోర్టరు మొదలైంది. ఆ తర్వాత నాగపూరు నుంచి ఆలిండియా రిపోర్టరు, మద్రాసు నుంచి లేబర్ లా జర్నల్, లక్నో నుంచి 1969లో సుప్రీం కోర్ట్ కేసెస్ వచ్చాయి. వీటి గుర్తులు చదవడం అరగంటలో వచ్చే విద్య. ‘ఏ.ఐ.ఆర్. 1962 ఎస్.సి. 517’ అంటే ఆలిండియా రిపోర్టరు, 1962 సంపుటి, సుప్రీం కోర్టు విభాగం, 517వ పుట. ఆ సంవత్సరం సంపుటిది, తీర్పుది కానక్కరలేదు. 1973లో వెలువడిన తీర్పు 1974 సంపుటిలో ఉండవచ్చు.

మేము ఉదాహరణగా పేర్కొన్న ఆ 517వ పుటతో మాకొక పాత అవమానం ముడిపడి ఉంది. అది శంకర్ బాలాజీ వాజే కేసు. ముక్కకింత అని కూలి పుచ్చుకొని బీడీలు చుట్టే మనిషి, తన ఇష్టం వచ్చిన వేళకు వచ్చి పోగలిగినవాడు, 1948 చట్టం ప్రకారం కార్మికుడు కాడని అందులో సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. మేము ఒక సదస్సులో ఆ తీర్పును చూపి, మీటరుకింత అని కూలి పుచ్చుకునే సాంచా కార్మికుడికి చట్టంలో చోటే లేదని ప్రసంగించాం. సభ అయ్యాక ఒక పెద్దవయసు గ్రంథపాలకుడు మమ్మల్ని ప్రక్కకు పిలిచి, “తర్వాతి కేసుల పట్టిక చూశారా?” అని మెల్లిగా అడిగారు. చూడలేదు.

ఒక తీర్పును తర్వాతి తీర్పులు అనుసరించాయా, వేరని పక్కకు పెట్టాయా, కొట్టివేశాయా అని చూపే పట్టికలు ప్రతి పెద్ద న్యాయ గ్రంథాలయంలోనూ ఉంటాయి. భాషాశాస్త్రంలో ఒక పదం అర్థ పరిణామాన్ని నిఘంటువుల వెంట వెతికినట్టే ఇక్కడ ‘కార్మికుడు’ అన్న మాటను వెతకాలి. ఉప్పు మళ్ళలో పనిచేసే అగరియాల కేసు (ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్, 1957)లో పని తీరును అదుపు చేసే హక్కు ఎవరిదన్నది పరీక్ష అయింది. 1958లో చింతామన్ రావు కేసులో బీడీ సత్తేదార్లు స్వతంత్ర గుత్తేదార్లన్నారు. 1961లో బిర్ధీచంద్ శర్మ కేసులో నాగపూరు బీడీ పనివారు కార్మికులే అన్నారు. 1962లో వాజే కేసు వెనక్కి లాగింది. 1973లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు వచ్చింది. కుట్టుకూలీ ముక్కకింత అని పుచ్చుకున్నా, మిషను కొట్టువాడిది, బాగా కుట్టకపోతే తిప్పికొట్టే హక్కు కొట్టువాడిది కనుక ఆ దర్జీలు ఉద్యోగులేనని జస్టిస్ మాథ్యూ రాశారు. అందులో పాత తీర్పులన్నిటినీ వరసగా ఎత్తుకొని చర్చించారు. మిషను ఎవరిది, సరుకు ఎవరిది, తిప్పికొట్టేది ఎవరు అన్న ఆ మూడు ప్రశ్నలనూ నాగావ్ షెడ్డులో అడిగి చూడండి. సాంచా సేఠ్‌ది, నూలు సేఠ్‌ది లేదా వ్యాపారిది, బట్టలో తప్పుంటే కూలి కోసేదీ వారే.

వాజే కేసులో మెజారిటీతో విభేదించి, ఆ బీడీ మనిషి కార్మికుడేనన్న న్యాయమూర్తి రాజమండ్రివారైన కోకా సుబ్బారావుగారు. ఆ తర్వాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తీర్పు పైనుండే సారాంశం చదివి వదిలేసేవారికి ఆ భిన్నాభిప్రాయం బరువు తెలియదు. మేమూ అప్పట్లో అలా వదిలేసినవాళ్ళమే.

మన విద్యార్థులను ఎక్కువగా కలవరపెట్టే కేసు మాత్రం మరొకటి. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని రకాల బట్టలను కేటాయిస్తూ చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత ఆ జాబితా 11కు తగ్గింది. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి ఆ చట్టం అమలు కుంటుపడింది. 1993లో పర్వేజ్ అక్తర్ కేసులో ((1993) 2 ఎస్.సి.సి. 229) సుప్రీం కోర్టు చట్టం చెల్లుతుందని తేల్చింది. ఆ తీర్పు చదివిన భివండీ పిల్లవాడు ఏ పక్షాన నిలబడాలి? ఊళ్ళో పెదనాన్న గుంటమగ్గం మీద చీర నేస్తున్నాడు. ఇక్కడ నాన్న సాంచా మీద అదే చీరకు నకలు నేస్తున్నాడు. ఒకే ఇంటిపేరు వ్యాజ్యానికి రెండు వైపులా ఉంది. నాన్న యజమాని కాడు, వ్యాజ్యంలో అతని పేరు లేదు. ఐనా గెలుపోటములు అతని పూటకూటిని తాకుతాయి. తీర్పు చేనేతవారి దుస్థితిని వివరంగా పట్టించుకున్నది. సాంచా నడిపే కూలివాడు కూడా ఒకప్పటి చేనేతవాడేనన్న కోణం ఈ వాదంలో ఎప్పుడూ గట్టిగా వినిపించలేదని మా అభిప్రాయం. ఆ అధ్యాయం రాయవలసింది మీరే.

కంప్యూటరు సాధనాల మాటకు వస్తే, ఇవాళ్టి విద్యార్థి అదృష్టవంతుడు. 2008లో ఇండియన్ కానూన్ వచ్చింది. 2023 జనవరిలో సుప్రీం కోర్టు తన అధికారిక సంపుటాలను ఇ-ఎస్.సి.ఆర్. పేరుతో ఉచితంగా అందుబాటులో పెట్టింది. చందా కట్టే మనుపాత్ర, ఎస్.సి.సి. ఆన్‌లైన్ వంటివి గ్రంథాలయంలో కూర్చుని వాడుకోవచ్చు. ఉచితంగా దొరికే తీర్పు పాఠానికీ ప్రైవేటు సంపుటాల పాఠానికీ తేడా ఎందుకుంటుందో కూడా ఒక తీర్పే చెబుతుంది. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీం కోర్టు, తీర్పు మూలపాఠం మీద ఎవరికీ కాపీరైటు లేదని, సంపాదకులు స్వయంగా రాసిన సారాంశాలు, చేసిన పేరాల విభజన మాత్రం వారి సొత్తని చెప్పింది.

ఐతే యంత్రానికి ఏ పేరు చెబితే ఆ పేరే వెతుకుతుంది. ‘నాగావ్’ అని అడగండి. అస్సాంలోని నాగావ్ జిల్లా కేసులు గుట్టలుగా వస్తాయి, అలీబాగ్ దగ్గరి నాగావ్ కూడా వస్తుంది, మన పేట ఎక్కడో అడుగున ఉంటుంది. ‘భివండీ’ని కలిపి అడిగితే కొంత నయం. కాని 1882 నాటి ఠాణా గెజెటీరులో ఆ ఊరి పేరు ‘భివ్ండీ’ అన్నట్టుగా, మధ్య అచ్చు లేకుండా ఉంది. పాత కాగితాలకు ఆ రూపమూ ఇవ్వాలి. మరమగ్గం అన్న ఇంగ్లీషు మాటను కలిపి, విడదీసి, అడ్డగీత పెట్టి మూడు రకాలుగా అడగాలి. మనుషుల పేర్లు ఇంకా చిక్కు. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది. మరాఠీ గుమాస్తా దానిని చివరకు తోసి, నడుమ తండ్రి పేరు చేరుస్తాడు. నాందేడు, చంద్రపూరు వైపు ‘వారు’ కాస్తా ‘వార్’ అయి ఇంటిపేరుకే అతుక్కున్నది. ఒకే కుటుంబం సూచికలో రెండు మూడు చోట్ల కనబడుతుంది. అచ్చు సూచికలో పైనుంచి కిందికి వేలు పెట్టి చూసినప్పుడు ఈ పోలికలు కంటికి తగులుతాయి, యంత్రానికి తగలవు.

భాష గురించి మాకు సహజంగానే ఆసక్తి ఎక్కువ. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పై కోర్టుల భాష ఇంగ్లీషు. మహారాష్ట్రలో కింది కోర్టుల భాష మరాఠీ. నాగావ్ సాక్షి తెలంగాణ తెలుగులో చెప్పిన మాట మరాఠీలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి మారి సంపుటికి ఎక్కుతుంది. “సాంచాలు నడుపుత” అన్నవాడు చివరికి ‘వర్కర్’ అవుతాడు, లేదా కాకుండా పోతాడు. సుప్రీం కోర్టు తీర్పులు కొన్ని ఇప్పుడు తెలుగు అనువాదంలో దొరుకుతున్నాయి. చదవడానికి మంచివే. ఉటంకించడానికి మాత్రం ఇంగ్లీషు మూలమే ప్రమాణం.

సంపుటాలకు ఎక్కనివి ఎక్కినవాటి కంటే ఎన్నోరెట్లు ఎక్కువ. కార్మిక న్యాయస్థానంలో రాజీ అయిన కేసు, ఇన్‌స్పెక్టరు నోటీసుతో ఆగిన కేసు ఏ రిపోర్టరులోనూ ఉండవు. వాటికోసం ప్రభుత్వ నివేదికల బీరువాకు వెళ్ళాలి. 1964 నాటి అశోక్ మెహతా మరమగ్గాల విచారణ సంఘం నివేదిక, 1974 నాటి శివరామన్ సంఘం నివేదిక అక్కడ ఉంటాయి. 1970 మే 7న భివండీలో చెలరేగిన మతకల్లోలాలపై జస్టిస్ డి.పి. మదన్ కమిషను నివేదిక కూడా ఆ వరసలోదే. కల్లోలాల కోసం కాకపోయినా, ఆనాటి ఊరి స్వరూపం కోసం దానిని చదవాలి.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1948 చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి వచ్చింది. అందులో కర్మాగారం అంటే యంత్రశక్తి ఉంటే ఇరవైమంది, లేకపోతే నలభైమంది. పత్రికల్లో ఇంతవరకే వచ్చింది. స్మృతిని ముందు పెట్టుకొని చదివితే ‘ఎస్టాబ్లిష్‌మెంటు’ అన్న మరో నిర్వచనం ఉంది. దానికి అంకె ఇప్పటికీ పదే. కర్మాగారం కాని షెడ్డు ఆ రెండో నిర్వచనం కింద ఎన్ని రక్షణలు నిలుపుకుంటుందో, ఎన్ని పోగొట్టుకుంటుందో సెక్షను వెంట సెక్షను పోల్చి చూడవలసి ఉంది. ఆ పోలికకు రెండు పాఠాలూ పక్కపక్కన కావాలి. కొత్తది తెరమీద క్షణంలో వస్తుంది. పాతదాని కోసం గ్రంథాలయానికి వెళ్ళేటప్పుడు 1922 చట్టం ప్రతి కూడా అడిగి తీసుకోండి. ఇరవై అన్న అంకె ఆ పుటల్లోనే ఉంది.