అమ్మ ఒడిని నమ్మని డాక్టరు

మా చెల్లెలి పురిటికి అమ్మతోపాటు నేనూ అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో. పిల్లని ఇంటికి తీసుకెళ్ళచ్చు అనగానే అమ్మ మెత్తటి పాత చీరలో మనవరాల్ని చుట్టి, ఒళ్ళో పెట్టుకోటానికి సిద్ధమైంది. తీరా చూస్తే మరిది ఒక ప్లాస్టిక్ తొట్టి పట్టుకొచ్చాడు. కారు సీటుట! నర్సు చీర విప్పించి, పిల్లని అందులో పెట్టి, భుజాలమీంచి పట్టీలు బిగించింది.

"రామ రామ! మూడు కిలోలు లేని పసిగుడ్డుకి కట్లా? దుక్కలా నేనున్నానుగా, నా ఒళ్ళో పెట్టుకుంటానని చెప్పవే!" అంది అమ్మ.

చెప్పాను. నర్సు నవ్వి, ఒప్పుకోలేదు. ఇల్లు చేరేదాకా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఈ తొట్టి కథేమిటో చదువుదామని కూర్చున్నాను. మొదట్లో కారు సీటు రక్షణ కోసం పుట్టనేలేదు సుమండీ! 1930లలో వచ్చినవి పిల్లాడు కారంతా పాకకుండా, కిటికీలోంచి బయటికి చూసేలా ఎత్తుగా కూర్చోబెట్టటానికే. దెబ్బ తగలకుండా కాపాడాలన్న ఆలోచన 1960లలో గాని రాలేదు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు, అంతరిక్షయాత్రికులు వీపుకి పూర్తి ఆసరాతో వెల్లకిలా కూర్చోవటం గమనించి, 1964లో వెనక్కి తిరిగి ఉండే సీటు తయారుచేశాడు. అందులో అర్థముంది. పుట్టిన పిల్లకి తలే ఒంట్లో నాలుగోవంతు. కారు ముందునుంచి గుద్దుకుంటే, ముందుకి తిరిగి కూర్చున్న పిల్ల తల విసురుగా ముందుకి పోతుంది, భారమంతా లేత మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తలనీ మెడనీ వీపునీ ఒకేసారి సీటే కాచుకుంటుంది.

వస్తువైతే వచ్చింది, వాడేదెవరు? నాష్‌విల్‌కి దగ్గర్లోనే మర్‌ఫ్రీస్‌బరో అనే ఊరుంది. అక్కడి పిల్లల డాక్టరు రాబర్ట్ సాండర్స్. రోగాలనుంచి కాపాడిన పిల్లలు కార్లలో పోతుంటే ఆయన ఊరుకోలేకపోయాడు. భార్య పాట్ తోడుగా శాసనసభ్యుల వెంటపడ్డాడు. 1976లో బిల్లు వీగిపోయింది. మా పిల్లల్ని ఎలా కూర్చోబెట్టుకోవాలో ప్రభుత్వమా చెప్పేది అన్నారు కొందరు. 1977లో నెగ్గింది. 1978 జనవరి 1 నుంచి అమలు. అమెరికాలో ఇలాంటి చట్టం అదే మొదటిది.

కానీ అందులో ఒక మెలిక పెట్టారు. పెద్దవాళ్ళ ఒళ్ళో ఉన్న పసిపిల్లలకి మినహాయింపు! అచ్చం మా అమ్మ మాటే చూడండి. దాన్ని సాండర్స్ 'పిల్లల్ని నలిపే సవరణ' అన్నాడు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేన్నో గుద్దుకుని ఆగిపోతే, పదికిలోల పిల్లాడు రెండు క్వింటాళ్ళ బియ్యమంత బరువుతో ముందుకి దూసుకుపోతాడు. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఆ తల్లి బరువూ వాడిమీదే పడుతుంది. 1981లో ఆ మినహాయింపు తీసేశారు. 1985 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలొచ్చాయి.

ఇది చదువుతుంటే నాకు 2008 గుర్తొచ్చింది. మావాడికి తొమ్మిదో నెల. గుంటూరునుంచి బాపట్ల వెళ్తున్నాం. ముందు సీట్లో నేను, నా ఒళ్ళో వాడు. గేదె అడ్డొచ్చింది, డ్రైవరు బ్రేకు వేశాడు. గట్టిగానే పట్టుకున్నాననుకున్నాను. వాడి నుదురు ముందుకి కొట్టుకుని బొప్పి కట్టింది. ఇంటికెళ్ళి దిష్టి తీశాం, గేదెని తిట్టుకున్నాం. నా ఒడిని మాత్రం ఎవరమూ అనుమానించలేదు.

మన దేశంలోనూ 2019 చట్ట సవరణ ప్రకారం, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. జరిమానా మాట అలా ఉంచండి. కొనేటప్పుడు పిల్ల వయసు ఒక్కటే కాదు, బరువూ పొడుగూ చూసుకోవాలి. సీటు వెనక సీట్లోనే పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో వెనక్కి తిరిగిన తొట్టి పెట్టటం ప్రాణాంతకం. వీలైనన్నాళ్ళు వెనక్కి తిప్పే ఉంచాలి. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లితే మడత అందకూడదు. చలైతే దుప్పటి పట్టీల మీంచి కప్పాలి, కింద కాదు. ఒకసారి ప్రమాదంలో పడ్డ సీటు ఉచితంగా ఇచ్చినా వద్దు.

మేం తిరుగు ప్రయాణమైన రోజున చెల్లెలు విమానాశ్రయానికి పిల్లతో బయల్దేరింది. కారు కదలబోతుంటే అమ్మ వంగి పిల్ల భుజం తడిమింది.

"ఆగవే, పట్టీ వదులుగా ఉంది. బిగించు," అంది.