పదునైదుగురి ప్రార్థన

1831వ సంవత్సరమున, రష్యా సేనల వెంబడి పోలండునకును, అచ్చటినుండి ప్రష్యా రాజ్యపు తూర్పు సీమలకును ప్రాకిన విషూచి పోజెన్ నగరమును ప్రవేశించెను. మన పల్లెలలో వాంతిభేది యనియు, తెలంగాణమున గత్తర యనియు పేరు వినినంతనే తల్లులు బిడ్డలను గుండెకు హత్తుకొనిన వ్యాధియే యది. 1817లో వంగదేశపు ఎల్లలు దాటిన ఆ మహమ్మారి తన రెండవ విజృంభణమున ఐరోపా నడిబొడ్డునకు చేరెను. సరిహద్దున కాపున్న ప్రష్యా సేనకు అధిపతియైన గ్నైసెనౌ ఆగస్టు మాసమున పోజెన్ నగరముననే దాని వాత బడెను. ఆయనకు కుడిభుజమై యుండిన యుద్ధశాస్త్రవేత్త క్లౌజెవిట్జ్ నవంబరులో బ్రెస్లావున గతించెను. సేనాధిపతులకే తప్పని ఆపద ఇరుకు వీథులలో కాపురముండిన నిరుపేద యూదులను ఎంతగా భయపెట్టి యుండునో ఊహింపవచ్చును.

వ్యాధిబీజము నీటిలో నున్నదని నాటికి నిరూపించినవారు లేరు. లండనులో జాన్ స్నో వీథిపంపు నీటిని శంకించుట 1854 నాటి మాట. కోచ్ పండితుడు ఆ సూక్ష్మజీవిని గుర్తించుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను. అట్టి అంధకారమున పోజెన్ యూద సమాజమునకు ధర్మనిర్ణేతగా నుండినవాడు, డెబ్బదియేండ్ల యంచున నున్న రబ్బీ అకీవా ఏగర్. యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముడు వ్యాఖ్యాతలలో ఆయనది శిఖరస్థానము. శాస్త్రాక్షరమును వెండ్రుకవాసియైనను తప్పనీయని ఆ పండితుడు, మందిరమున జనము గుమిగూడుటను తానే అడ్డగించుట ఆశ్చర్యముగా తోచవచ్చును. కాని ప్రాణరక్షణార్థమై తక్కిన విధులన్నియు తొలగి దారి యీయవలెనను నియమము ఆ ధర్మమున మిక్కిలి ప్రాచీనము. మనుష్యుడు ధర్మవిధులవలన బ్రతుకవలెనను లేవీయకాండ వచనమే దానికి మూలము. నిషేధమునకంటె అపాయమును గూర్చి యెక్కువ జాగరూకత వలయునని తాల్ముడును నిర్ణయించినది. కనుక ఏగర్ శాస్త్రమును సడలింపలేదు. శాస్త్రమును దాని నిండుబలముతో ప్రయోగించెను.

ప్లెషెన్ అను చిన్నపట్టణమున రబ్బీగా నుండిన తన శిష్యుడు ఎలియాహు గుట్‌మాకర్‌కు ఆయన వ్రాసిన లేఖ ఈ చరిత్రమునకెల్ల ఆయువుపట్టు. ఇరుకైన చోట పలువురు కూడుట తగదు. తెల్లవారుజామున మొదలిడి ఒక్కొక్క జట్టుగా, జట్టునకు సుమారు 15 మందికి మించకుండ ప్రార్థన సలుపవలెను. ఏ జట్టు ఏ వేళకు రావలెనో ముందే నిర్ణయింపవలెను. లెక్కకు మించి ఎవరును చొరబడకుండ ద్వారమున కావలివానిని నిలుపవలెను. వినకున్నచో అధికారుల సాయమును పొందవలెను అని దాని తాత్పర్యము. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులుండి తీరవలెను. ఆ పదిమందికిని లోపము రాకుండ, గుంపునకును తావు లేకుండ, రెంటి నడుమ తూచి నిలిపిన సంఖ్య పదునైదని నాకు తోచుచున్నది. ద్వారము మూయబడలేదు, దానికొక కొలత యేర్పడినది.

ఇంతకు పూర్వము తలుపులు మూసిన సందర్భములును గలవు. 1656లో రోమునగర యూదవాటిక ప్లేగుచేత దిగ్బంధితమైనప్పుడు, వైద్యుడును రబ్బీయునైన యాకోబు జహలోను కిటికీయొద్ద నిలిచి, వీథిలో నిలుచుండిన జనులకు ధర్మోపదేశము చేసినట్లు తన వైద్యగ్రంథముననే వ్రాసికొనెను.

పోజెన్‌లో కఠినపరీక్ష మహాపర్వములతో వచ్చినది. రెండునాళ్ల నూతన సంవత్సరోత్సవమును, దానివెంట వచ్చు ప్రాయశ్చిత్త దినమును ఏడాది పొడుగున మందిరము తొక్కనివాడు సైతము లోపలికి వచ్చు దినములు. అచ్చట ఎవరి పీఠము వారిదే. తండ్రి కూర్చుండిన చోటనే కుమారుడు కూర్చుండి ఏండ్లతరబడి అదే గోడను, అదే దీపమును చూచుచు ప్రార్థించు వాడుక గలదు. ఏగర్ విధించిన నియమము ప్రకారము పీఠములలో సగమే నిండవలెను, నిండిన ప్రతి పీఠము ప్రక్కను ఒకటి శూన్యముగా నుండవలెను. నూతన సంవత్సరమున లోపలికి వచ్చినవారు ప్రాయశ్చిత్త దినమున తమ చోటు తక్కిన సగమువారికి విడువవలెను. పాపక్షమాపణకై సంవత్సరమంతయు ఎదురుచూచిన వృద్ధునితో, ఈ యేడు నీకు రెండు పర్వములలో ఒక్కటియే యని చెప్పుట ఎంత దుర్భరము! ఆ మాట చెప్పవలసిన నోరు ఏగర్‌దే గనుక, అది ఆయనకును దుర్భరమే యై యుండును. గానము కుదింపబడెను. వైద్యుల ఆజ్ఞ మీరుట తనకును పరులకును ప్రాణాపాయము తెచ్చునది గావున అది దైవమునెడ మహాపరాధమని ఆయన నిస్సంశయముగా ప్రకటించెను. వైద్యుని మాటకు వేదికపైనుండి ఇంతటి యండ లభించుట నాటికి సామాన్యము కాదు.

ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం ఆయన సేవను మెచ్చి కృతజ్ఞతాపత్రము పంపెను. ఏగర్ 1837లో పోజెన్‌ననే తనువు చాలించెను. 2020లో కరోనా వ్యాపించి ఊరూర మందిరముల తలుపులు మూతపడినపుడు, ఆయన ప్లెషెన్‌కు వ్రాసిన లేఖను నేటి రబ్బీలు మరల వెలికితీసి తమ నిర్ణయములలో ఉదాహరించిరి.